పాత కారు: అడిగే ధర వేరు, పడే ఖరీదు వేరు

పాత కారుకు వ్యవసాయ మార్కెట్ యార్డులో వలె బహిరంగ వేలం లేదు, కాంటా లేదు, తక్‌పట్టీ లేదు. అమ్మేవాడు చెప్పిందే ధర, దళారి చెప్పిందే నాణ్యత. బాదేపల్లి యార్డులో వేరుశనగ కాయను నలిపి గింజ చూడనిదే ధర పలకని ఖరీదుదారు, మిర్యాలగూడలో తేమ చూడనిదే ధాన్యం దింపించని మిల్లు యజమాని, కారు దగ్గరకు వచ్చేసరికి రంగు, మెరుపు చూసి బయానా ఇచ్చివేయడం కద్దు. రెండు, మూడు లక్షల రూపాయల పరిమితిలో కారు కొనదలచిన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చిన్న వర్తకులు, కమీషన్ ఏజెంట్లు సరుకు కొనుగోలులో పాటించే పద్ధతినే ఇక్కడా పాటించడం మంచిది. అడిగే ధరను కాక, కారు తమ పేరున బదిలీ అయి, మరమ్మతులు ముగిసి రోడ్డెక్కే నాటికి మొత్తం ఎంత పడుతున్నదో లెక్కించాలి.

పెట్టుబడి లెక్క

చేతిలో రూ. 2,50,000 ఉన్నదనుకుందాం. ఆ మొత్తాన్ని కారు ధరకే పెట్టడం తగదు. అయిదింట ఒక వంతు, అనగా రూ. 50,000 పక్కన ఉంచి, రూ. 2,00,000 లోపు కారును వెదకాలి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, బీమా, బదిలీ ఖర్చులు కొన్న మొదటి రెండు, మూడు నెలల్లోనే మీద పడతాయి.

రొక్కం ఎక్కడినుండి వస్తున్నదన్నది మరో ముఖ్య విషయం. పత్తి, ధాన్యం సీజనులో తిప్పవలసిన డబ్బుతో కారు కొని, తర్వాత సరుకు కోసం నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే, రూ. 2,00,000 మీద నెలకు రూ. 4,000, ఏడాదికి రూ. 48,000 వడ్డీ అవుతుంది. ఆ వడ్డీ కూడా కారు ఖరీదులో భాగమే. సీజను ముగిసి బకాయిలు వసూలైన తర్వాత కొనేవారికి ఈ బరువు ఉండదు.

బేరానికి కూర్చునే ముందు కొత్త కారు ధర తెలుసుకోవడం అవసరం. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతం పన్ను ఉండేది. ఈ తగ్గింపుతో మారుతి ఆల్టో కె10 ప్రారంభ ధర షోరూములో రూ. 3,69,900కు దిగింది. కొత్త సరుకు ధర దిగినప్పుడు పాత నిల్వ ధర కూడా దిగవలసిందే. ఆ తేదీకి ముందు రేట్లనే ఇంకా చెప్పే అమ్మకందారులతో బేరమాడడానికి ఇది గట్టి ఆధారం.

నంబరు పలక చెప్పే సంగతి

మహబూబ్‌నగర్ కార్లకు పూర్వం ఏపీ 22, నల్లగొండ కార్లకు ఏపీ 24 నంబర్లు ఉండేవి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తర్వాత ఇవి టీఎస్ 06, టీఎస్ 05 అయ్యాయి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడగా సూర్యాపేటకు 29, యాదాద్రికి 30, నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చి నుండి టీఎస్ స్థానంలో టీజీ వస్తున్నది.

సొంత వాడకం కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ లెక్కన ఏపీ 22, ఏపీ 24 నంబర్లతో ఉన్న కార్లన్నిటికీ 2029 జూన్ నాటికి గడువు తీరుతుంది. గడువు తీరిన బండిని తనిఖీ చేయించి అయిదేళ్ళకు పునరుద్ధరించుకోవచ్చు. అందుకు ఫీజు 2022 ఏప్రిల్ నుండి రూ. 5,000 ఉండగా, 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ. 10,000 చేశారు. దీనికి గ్రీన్ టాక్స్ అదనం. కావున పాత నంబరు కారు చౌకగా దొరికినప్పుడు గడువు ఇంకా ఎన్ని నెలలున్నదో చూసి, ఆ మేరకు ధర తగ్గించి అడగాలి. పొరుగు రాష్ట్రం నుండి వచ్చి మళ్ళీ రిజిస్టరైన బండికి కొత్త నంబరు ఉండవచ్చు. అందుచేత పలకను మాత్రమే నమ్మక ఆర్సీలో తయారైన సంవత్సరం, తొలి రిజిస్ట్రేషన్ తేదీ చూడాలి.

గద్వాల, మక్తల్, నారాయణపేట వైపు రాయచూరు కేఏ 36, యాదగిరి కేఏ 33 బండ్లు, అలంపూరు వైపు కర్నూలు ఏపీ 21, కోదాడ వైపు ఏపీ 16 బండ్లు తక్కువ ధరకు అమ్మకానికి వస్తే తొందరపడరాదు. ఏపీ నంబర్లు మన కంటికి అలవాటైనవే అయినా ఇప్పుడవి పొరుగు రాష్ట్రపు బండ్లు. అక్కడి రవాణా కార్యాలయం నుండి ఎన్ఓసీ తేవాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచే బండిని ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించడం చట్టరీత్యా తప్పదు. కారు వయసును బట్టి జీవిత పన్ను ఇక్కడ మళ్ళీ కట్టాలి. ఢిల్లీ నుండి వచ్చే పాత డీజిల్ కార్ల చౌకదనానికి కారణం కూడా తెలిసిందే. పదేళ్ళు దాటిన డీజిల్ కార్లను అక్కడ తిప్పరాదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశించడంతో అవి ఇతర రాష్ట్రాల బాట పట్టాయి.

కాగితాలు

ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్సీతో సరిపోవాలి. కారుపై ఫైనాన్స్ ఉన్నట్టు నమోదై ఉంటే అప్పు తీరినట్టు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 చేతికి వచ్చేవరకు పూర్తి సొమ్ము చెల్లించరాదు. చలానా బకాయిలను పోలీసు శాఖ ఆన్‌లైన్ చిట్టాలో చూసుకోవచ్చు. గతంలో టాక్సీగా తిరిగిన కారు అయితే ఆ సంగతి రిజిస్ట్రేషన్ వివరాల్లో తెలుస్తుంది.

ఫారం 29, ఫారం 30పై అమ్మినవారి సంతకాలు మాత్రం తీసుకుని, పేరు మార్చకుండానే కారును రెండు, మూడు చేతులు మార్చడం దళారుల్లో వాడుక. ఇది కొన్నవారికే కాదు, అమ్మినవారికీ చేటు. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతిని రవాణా కార్యాలయానికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతున్నది. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానే నష్టపరిహారానికి బాధ్యుడని నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కారు వరుసగా పలువురి చేతులు మారింది. అయినా తొలి యజమానికి బాధ్యత తప్పలేదు. పాత కారు అమ్మివేసి మరొకటి కొనే వర్తకులు దీనిని ప్రత్యేకించి గమనించాలి.

బీమాను 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి. లేనిచో ఎదుటివారికి జరిగిన నష్టం వరకు రక్షణ ఉన్నా, సొంత కారు దెబ్బతింటే సొమ్ము రాదు. క్లెయిము లేనందుకు వచ్చే రాయితీ పాత యజమానిది. అది కారుతో పాటు రాదు.

చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి. 2017 ఏప్రిల్ నుండి ఒక లావాదేవీలో రూ. 2,00,000 లేదా అంతకు మించి రొక్కంగా పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఫర్మ్ పేరున కొనే కారుకు ఒక రోజులో రూ. 10,000 మించి రొక్కంగా ఇస్తే, ఆ మేరకు ఆదాయపు పన్నులో తరుగుదల కోరడానికి వీలుండదు.

నాణ్యత పరీక్ష

ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అనగా తెల్లవారి వెళ్ళి కారు చూడడం ఉత్తమం. ముందే వేడి చేసి ఉంచిన ఇంజనులో లోపాలు కొన్ని మరుగునపడతాయి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతున్నదని అర్థం. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీరు లోపలికి దిగుతున్నదని అనుమానించాలి. నలుగురిని ఎక్కించి, ఏసీ వేసి, ఎత్తు మీద నడిపితే క్లచ్, పికప్ సంగతి తేలుతుంది.

మీటరు రీడింగును తగ్గించడం కష్టమైన పని కాదు. మీటరు 30,000 కిలోమీటర్లు చూపుతుండగా పెడళ్ళ రబ్బరు అరిగి, స్టీరింగు నున్నబడి ఉంటే మీటరును నమ్మరాదు. కంపెనీ సర్వీసు రికార్డు అడగాలి. టైరుపై నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

వరదలో మునిగిన కారును పైకి గుర్తుపట్టడం కష్టం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. ఈ రెండు నగరాలకు నడుమ హైవే మీద ఉన్న చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ కొనుగోలుదారులు కార్పెట్ ఎత్తి కింద ఒండ్రు, సీట్ల కింద బోల్టుల తుప్పు, సీటు బెల్టును చివరివరకు లాగి మరకలు చూడడం అవసరం. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళి అతనికిచ్చే కూలి వృథా కాదు. అయితే అతడు అమ్మేవారి మనిషి కాకూడదు.

పెట్రోలా, డీజిలా?

పెట్రోలు లీటరు రూ. 107, డీజిల్ రూ. 96 చొప్పున, పెట్రోలు కారు లీటరుకు 18, డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తుందని లెక్క వేద్దాం. కిలోమీటరుకు పెట్రోలుకు రూ. 5.94, డీజిల్‌కు రూ. 4.80 అవుతుంది. తేడా సుమారు రూ. 1.14. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది దాదాపు రూ. 11,400. డీజిల్ కారుకు రూ. 75,000 అదనంగా ఇచ్చి ఉంటే అది రాబట్టుకోవడానికి ఆరున్నర ఏళ్ళు పడుతుంది. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగే బ్రోకరుకు రెండున్నర ఏళ్ళు చాలు. డీజిల్ కారు పెద్ద మరమ్మతు ఖరీదైనది కావున, తక్కువ తిరిగేవారికి పెట్రోలే మేలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు కార్లలో 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనంతో మైలేజీ కొంత తగ్గుతుంది. రబ్బరు గొట్టాలు, వాషర్లు పరీక్షించుకోవాలి.

ఏ కారు?

ఒకరిద్దరు యార్డుల మధ్య తిరగడానికి ఆల్టో, కుటుంబం, వృద్ధులు ఉన్నవారికి ఎత్తుగా ఉండే వాగన్ ఆర్, శాంపిల్ బస్తాలు వేసుకువెళ్ళేవారికి ఈకో సరిపోతాయి. వీటి విడిభాగాలు, పనిచేసే మెకానిక్‌లు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతారు. షెవర్లే 2017తో, డాట్సన్ 2022లో భారత మార్కెట్ నుండి వైదొలిగాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ ఉత్పత్తి ఆపుతున్నట్టు ప్రకటించింది. ఈ కార్లు చౌకగా రావడం నిజమే కాని, తిరిగి అమ్మేటప్పుడు గిరాకీ కూడా అంతే తక్కువ. 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. రాత్రివేళ హైవేల మీద తిరిగేవారు అందుకు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

పడే ఖరీదు

కేవలం లెక్క కోసం రెండు కార్లను పోల్చి చూద్దాం. మొదటిది పొరుగు రాష్ట్రపు కారు, అడిగిన ధర రూ. 1,75,000. టైర్లకు 16,000, బ్యాటరీకి 5,000, క్లచ్‌కు 9,000, బీమాకు 7,000, కమీషన్, ఎన్ఓసీ తిరుగుడు ఖర్చులకు 6,000 కలిపితే రూ. 2,18,000. జీవిత పన్ను ఇంకా మిగిలే ఉన్నది. రెండవది స్థానిక నంబరు కారు, ధర రూ. 2,05,000. టైర్లు బాగున్నాయి, బీమా నడుస్తున్నది. సర్వీసు, బదిలీ ఖర్చులు 6,000 కలిపి రూ. 2,11,000. అడిగిన ధరలో రూ. 30,000 చౌకైన కారు చివరికి రూ. 7,000 ఎక్కువ పడింది. బయానా ఇవ్వకముందే, చూసిన ప్రతి కారుకూ ఈ లెక్కను కాగితం మీద వేసుకోవాలి.