మాక్‌బెత్ చిత్రశాల - అమెరికా నవ్యచిత్రకారులు

చిత్రకళాచరిత్రమునందు చిత్రకారుల పేరులు నిలుచును గాని, వారి చిత్రములను విక్రయించిన వర్తకుల పేరులు సాధారణముగా నిలువవు. న్యూయార్కు నగరమునందలి మాక్‌బెత్ చిత్రశాల ఇందుకు భిన్నము. స్వదేశచిత్రకారులకు స్వదేశమునందే ఆదరము కొరవడిన కాలమున వారి పక్షము వహించిన వ్యాపారసంస్థ యిది.

స్థాపకుడగు విలియం మాక్‌బెత్ ఐర్లండులో జన్మించి, 1871లో అమెరికా చేరెను. ముద్రితచిత్రముల వర్తకుడగు ఫ్రెడరిక్ కెప్పెల్ యొద్ద చిరకాలము పనిచేసి, 1892లో సొంత చిత్రశాలను తెరచెను. ఆనాటి ధనికులు ఫ్రెంచి, డచ్చి చిత్రములనే మక్కువతో కొనుచుండిరి. అట్టి తరుణమున అమెరికా చిత్రములకు ప్రాధాన్యమిచ్చి వ్యాపారము నడుపుట సాహసమే. మాక్‌బెత్ అమ్మకముతో తృప్తిచెందక, 1896 నుండి 'ఆర్ట్ నోట్స్' అను చిన్న పత్రికను వెలువరించి, కొనువారికి అభిరుచి కలిగింప యత్నించెను.

ఈ శాలకు శాశ్వతకీర్తి తెచ్చినది 1908 నాటి 'ఎనమండుగురి' ప్రదర్శనము. అంతకు ముందటి యేడు నేషనల్ అకాడమీ ప్రదర్శనమునకు చిత్రముల నెంపికచేయు సంఘము లక్స్, గ్లాకెన్స్, షిన్ అనువారి చిత్రములను త్రోసిపుచ్చెను. ఆ సంఘసభ్యుడే యైన రాబర్ట్ హెన్రీ నిరసనగా తన చిత్రములు కొన్నింటిని ఉపసంహరించుకొనెను. ఈ నలుగురితో స్లోన్, డేవీస్, లాసన్, ప్రెండర్‌గాస్ట్ చేరిరి. ఫిబ్రవరి 3వ తేదీన మాక్‌బెత్ శాలలో వారి ప్రదర్శనము ప్రారంభమయ్యెను.

వీరందరి శైలి యొక్కటి కాదు. మేడమీది కిటికీలో ఒక స్త్రీ జుట్టునకు రంగు వేయించుకొనుచుండగా వీధిలోని జనము తలలెత్తి చూచుటను స్లోన్ చిత్రించెను. డేవీస్ చిత్రములు స్వప్నలోకమును తలపించును. ప్రెండర్‌గాస్ట్ చిత్రములు వన్నెల చుక్కల కూర్పు. తీర్పరుల అనుమతి లేకయే తమ చిత్రములను ప్రజలకు చూపవలెనను పట్టుదలయే వీరిని కలిపినది. నిత్యజీవితపు మోటుదనము చిత్రములకు తగదని కొందరు విమర్శకులు నిందించిరి. అయినను జనులు విరివిగా వచ్చిరి. ఏడు చిత్రములు అమ్ముడుపోయెను. వానిలో నాలుగింటిని కొనిన గెర్‌ట్రూడ్ విట్నీ యనంతరకాలమున అమెరికా కళకై నెలకొల్పిన విట్నీ మ్యూజియము 1931లో ప్రజలకు తెరువబడెను.

మాక్‌బెత్ 1917లో మరణించెను. పిమ్మట కుమారుడు, మేనల్లుడు శాలను నడిపిరి. 1937లో ఇరువదియేండ్ల ఆండ్రూ వైయెత్ నీటిరంగుల చిత్రములు ఇచ్చట నన్నియు అమ్ముడుపోయెను. 1953లో శాల మూతపడెను.

పరదేశపు మెప్పుకై వేచియుండక, తమవారి కృతులను తామే యెరిగి, వెలయిచ్చి కొనువారు ఉన్నపుడే ఒక జాతి కళ నిలుచునని ఈ చిత్రశాల చరిత్రము తెలుపుచున్నది.