రక్షణపడవలో కాపురము

మన యిండ్లలో పాతవస్తువును ఊరక పాఱవేయుట యెన్నడును లేదు. చిఱిగిన చీర బొంతయగును. బొంత పాతదైనచో మసిగుడ్డ యగును. కూలిన యింటి దూలములను, ద్వారబంధములను కొని క్రొత్తయింటికి పెట్టుకొనుట మన పల్లెలలో నేటికిని గలదు. అట్లు కొనువారు వెల యడుగుటకు ముందే కొయ్యను గోటితో గిల్లి, చెద పట్టినదా, గట్టిగా నున్నదా యని చూతురు. ఇట్టి బుద్ధినే సముద్రతీరముల జనులు వేఱొక వస్తువు విషయమున చూపుచున్నారు. మునిగిపోవు వారిని కాపాడుటకై నిర్మింపబడి, కాలము తీఱి కొలువు చాలించిన లైఫుబోటులను, అనగా రక్షణపడవలను కొని, వానిలో వంటయిల్లును పడకటిల్లును అమర్చుకొని, నీటిమీద తిరుగుచు కాపురము చేయుచున్నారు.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల సోదరీమణులు "బిందెడు మంచినీటికి వెదకుకొను మనకు పడవ మాట యేల?" అని యడుగవచ్చును. రెండు కారణములు గలవు. ఇట్టి కాపురమున మిక్కిలి కష్టమైన భాగము మంచినీటి పొదుపు. ఆ విద్యలో మన పడమటి సీమ యిల్లాండ్రకు ఒకరు నేర్పవలసినది లేదు. ఇక రెండవది: తీర్థయాత్రలకని, వినోదమునకని మనమును కృష్ణలోను గోదావరిలోను పడవ లెక్కుచున్నాము. ఏ పడవను నమ్మవచ్చునో, దేనిని నమ్మరాదో తెలిసికొనుటకు రక్షణపడవను మించిన పాఠము లేదు.

రక్షణకై ప్రత్యేకముగా పడవ కట్టుట ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దపు చివర మొదలైనది. సౌత్ షీల్డ్సు రేవున 1789లో హెన్రీ గ్రేట్‌హెడ్ అను పడవల శిల్పి, ప్రక్కలకు బెండు కట్టిన యొక పడవను నిర్మించెను. దాని పేరు 'ఒరిజినల్'. 1824లో లండనునందు ఒక ధర్మసంస్థ వెలసి, తరువాత రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అని పేరొందినది. చందాలతోను, విరాళములతోను నడచుచున్న యీ సంస్థ రెండువందల యేండ్లలో 1,40,000 మందికి మించి ప్రాణములు కాపాడినది. 1838లో ఇంగ్లండు ఈశాన్యతీరమున 'ఫర్ఫార్‌షైర్' అను పొగయోడ బండలపై పగిలినప్పుడు, దీపస్తంభపు కాపరి కూతురగు గ్రేస్ డార్లింగు, ఇరువది రెండేండ్ల కన్య, తండ్రితో కూడ తెడ్లు వేసి పోయి ప్రాణములు నిలిపిన కథ లోకప్రసిద్ధము. ఆమె యెక్కినది సామాన్యమైన నాటుపడవ. అట్టి తుపానులలో సామాన్యపు పడవలు చాలవనియే రక్షణపడవలను నానాటికి దృఢముగా కట్టసాగిరి.

ఇట్లు దృఢముగా కట్టిన పడవలను ఏల అమ్మివేయుదురని సందేహము కలుగవచ్చును. శిథిలమగుట యొక్కటియే కారణము కాదు. పై సంస్థవారి 'అరున్' జాతి పడవలు 1971 మొదలు 2008 వఱకు కొలువు చేసినవి. వాని పొడవు సుమారు 52 అడుగులు. వేగము గంటకు దాదాపు 18 నాటులు. అంతకంటె వేగముగల పడవలు వచ్చినతోడనే వీనికి విశ్రాంతి లభించినది. వానిలో కొన్ని చైనా, ఐస్‌లాండు దేశములకు పోయి అచ్చటను రక్షణపనియే చేసినవి. మఱికొన్ని గృహస్థుల చేతికి వచ్చినవి. రెండవజాతి, పెద్ద యోడల ప్రక్కల వ్రేలాడదీయబడు నారింజరంగు పడవలు. పైకప్పుతో గ్రుడ్డువలె మూసికొనియుండు ఈ పడవలలో పెక్కింటిని ఫైబరుగాజుతో పోతపోయుదురు. ఓడ తన వయస్సు తీఱి విఱుపుడు రేవునకు చేరినప్పుడు దానితోడనే యివియు వచ్చును. గుజరాతులోని అలంగు రేవుకడ, విఱిచిన యోడల మంచములు, పాత్రలు, బల్లలు అమ్ము అంగళ్లలో రక్షణపడవలును అమ్మకమునకు వచ్చుచుండును.

రక్షణపడవను ఇల్లు చేసికొనుట నేటి వింత కాదు. ఎర్‌స్కిన్ చైల్డర్సు అను రచయిత 1897లో 'విక్సెన్' అను ముప్పదియడుగుల పడవలో తన సోదరునితో జర్మనీ తీరపు ఫ్రీజియను దీవులకును, బాల్టికు సముద్రమునకును పోయెను. అదియు ఒకప్పటి రక్షణపడవయే. ఆ యాత్రానుభవముతో అతడు 1903లో ప్రకటించిన 'ది రిడిల్ ఆఫ్ ది సాండ్సు' అను నవలలోని 'డల్సిబెల్లా' యను పడవయు అట్టిదే. మన కాలమున ఇద్దరు ఆంగ్ల వాస్తుశిల్పులు, నూఱుమంది కూర్చుండుటకై కట్టిన పదునొకండు మీటరుల రక్షణపడవ నొకదానిని కొని, పడకలు, వంటబల్ల, స్నానపుగది యమర్చి, 'స్టోడిగ్' అని పేరిడి, 2019లో నార్వే ఉత్తరతీరమునకు ప్రయాణించిరి. నార్వే భాషలో ఆ మాటకు 'నిలుకడగలది' అని యర్థము.

ఈ కథలు విన్నప్పుడు మనస్సు ఉవ్విళ్లూరును. కాని యిల్లాలు లెక్క చూడక యేదియు కొనదు. కావున ఆ లెక్కయే చూతము.

మొదట పడవ గట్టితనము. దానిని నీటినుండి గట్టుకు లాగి, అడుగు చూడనిదే బేరమాడరాదు. ఇనుపపడవయైనచో రేకు మందమును ధ్వనితరంగముల యంత్రముతో కొలిపింపవలెను. పైరంగు నిగనిగలాడుచున్నను లోపల త్రుప్పు తినియుండవచ్చును. ఫైబరుగాజుదైనచో నీరు లోనికి దిగి బొబ్బలు లేచినవా యని చూడవలెను. కొయ్యదైనచో పురుగును, కుళ్లును వెదకవలెను. ఈ పనికి పడవల పరీక్షకు లున్నారు; వారికిచ్చు రుసుము వ్యర్థవ్యయము కాదు. దూలమును గోటితో గిల్లి చూచుట వంటిదే యిదియు.

రెండవది యంత్రము. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఓడ రక్షణపడవ నిండుభారముతో గంటకు 6 నాటుల వేగమున పోగలిగి, 24 గంటలకు చాలు నూనె కలిగియుండవలెను. ప్రాణములు దక్కించుకొనుట కిది చాలును, దూరయాత్రకు చాలదు. కావున పెద్ద నూనెతొట్టిని పెట్టింపవలసివచ్చును. తీరరక్షణకు వాడిన పెద్ద పడవల సంగతి దీనికి మాఱు. వాని రెండేసి డీసెలు యంత్రములు వేగమునకై పుట్టినవి. నెమ్మదిగా తిరుగదలచిన సంసారి వాని దాహము తీర్చలేడు. పడవ వెల చౌకయని సంతోషించినవారు రేవుబాడుగ, భీమా, ఏటేట గట్టుకు లాగించి అడుగు గీకించి రంగు వేయించుట, యంత్రపు మరమ్మతు అను ఖర్చులను ముందుగానే కాగితముపై వ్రాసికొనవలెను. కొన్న వెలయే మొత్తము వెల యనుకొన్నవారు సగములో విడిచిపెట్టిన పడవలు రేవులలో పడియుండుట కలదు.

మూడవది బరువు. ఇందు రక్షణపడవ మనకు మేలు చేయును. ప్రయాణికుల యోడకు చెందిన నూఱుమంది పడవ, మనిషికి 75 కిలోల చొప్పున 7,500 కిలోల బరువు మోయునట్లు నిర్మింపబడినది. నలుగురున్న కుటుంబమున మనుష్యుల బరువు 300 కిలోలు. తక్కిన బరువులో పడకలు, పెట్టెలు, పొయ్యి, విద్యుత్తు బ్యాటరీలు, నీళ్లు అన్నియు నిముడును. అయితే ఎంత బరువు అను ప్రశ్నకంటె ఎచ్చట బరువు అను ప్రశ్న ముఖ్యము. ఇట్టి పడవలలో పెక్కు తలక్రిందైనను తిరిగి లేచునట్లు రచింపబడినవి; తలుపులన్నియు మూసి, జనులు పట్టీలతో కట్టుకొని కూర్చున్నప్పుడే ఆ గుణము పనిచేయును. మనము పైభాగమున బరువైన బీరువాలు బిగించి, వెలుతురునకని పెద్ద కిటికీలు కోసినయెడల ఆ గుణమును మన చేతులతోనే పోగొట్టుకొందుము. అడుగునను ప్రక్కలను నింపిన తేలికనురుగును చోటు చాలదని పెఱికివేయుట అంతకంటె తప్పు. పడవను తేల్చునది అదియే.

నాలుగవది నీరు. ఓడ రక్షణపడవలో మనిషికి 3 లీటరుల త్రాగునీరు ఉంచవలెనని నియమము. అది సాయము వచ్చువఱకు ప్రాణము నిలుపుటకు మాత్రమే. కాపురమునకు మనిషికి రోజునకు 15 లీటరు లనుకొన్నను నలుగురికి 60 లీటరులు. 400 లీటరుల తొట్టి ఆఱు రోజులకు మించి కొంచెము వచ్చును. ఆ నీటి బరువు 400 కిలోలు. కావున తొట్టిని అడుగున, నడిమికి అమర్చవలెను. పడవలో కుళాయి త్రిప్పి విడుచుటకు మాఱుగా కాలితో త్రొక్కు చిన్న పంపును పెట్టుదురు. త్రొక్కినంతయే నీరు వచ్చును. పాత్రలను మొదట నదినీటనో సముద్రపు నీటనో తోమి, తుదిసారి మాత్రము మంచినీట తొలుపుదురు. బావినీటిలో ఫ్లోరైడు దోషమున్నందున త్రాగునీటిని వేఱుగా కొని తెచ్చుకొని, వాడుకనీటిని వేఱుగా నుంచి, బియ్యము కడిగిన నీటిని సయితము పాఱబోయని మన ప్రాంతపు గృహిణికి ఇది క్రొత్త పాఠము కాదు.

అయిదవది వంటపొయ్యి. దీనిని ప్రతి సోదరియు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో నది కాఱినచో తలుపులు తీసినప్పుడు నేలవెంట వెలుపలికి పోవుట కవకాశమున్నది. పడవ అడుగు బిందెవంటిది. అచ్చట చేరిన వాయువునకు పోవు త్రోవ లేదు. ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచేత సిలిండరును లోపల నుంచరాదు. పైతట్టున వేఱు పెట్టెలో నుంచి, ఆ పెట్టె యడుగున పడవ వెలుపలికి రంధ్రము పెట్టింపవలెను. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించువారిని చంపు విషవాయువునకు వాసన లేదు. దానిని పసిగట్టి మ్రోగు యంత్రమును తప్పక కట్టించుకొనవలెను. మఱియు పలుచని ఫైబరుగాజు గోడలకు మన యూపిరియు, వంట ఆవిరియు చెమ్మయై పట్టి బూజు పుట్టించును. గోడలకు లోపల చలివేడిమి నాపు పొరయు, గాలి వచ్చుటకొక త్రోవ, పోవుటకొక త్రోవయు నుండవలెను.

ఇక మన దేశమున దీనికి తావున్నదా? కేరళలో ధాన్యము మోయు కెట్టువళ్లములు, లారీలు వచ్చి పని తగ్గిన పిమ్మట, యాత్రికుల గృహనౌకలైనవి. పాతపడవ యిల్లగుటకు మనకు సమీపమైన నిదర్శన మిదియే. మన సీమలో పెద్దనీరు కంభము చెఱువు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టబడిన యీ చెఱువును గజపతుల యాడుబిడ్డ, శ్రీకృష్ణదేవరాయల దేవి వరదరాజమ్మ కట్టించెనని పెద్దలు చెప్పుదురు. ఆ నీరు పైరులకు ప్రాణము. వానలు లేని యేండ్లలో అడుగుపట్టు చెఱువది. యంత్రపు పడవల విహారమునకు కాదు, తెప్పలకు మాత్రమే తగినది. గోదావరి, కృష్ణలలో ఎవరైన ఇట్టి ప్రయత్నము చేయదలచినచో 2021 నాటి దేశాంతర్గత నౌకల చట్టము ననుసరించి యంత్రపు పడవకు పరీక్షాపత్రమును, నమోదును పొందవలెను.

ఆ కాగితములు ఊరక పెట్టిన యాటంకములు కావు. 2017 నవంబరు 12వ తేదీని కృష్ణానదిలో పవిత్రసంగమమునకు పోవు పడవ తిరుగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది ఒంగోలు వారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరుకడ 'రాయల్ వశిష్ఠ' మునిగి మఱెన్నో కుటుంబములు దీపము లేనివైనవి. రక్షణపడవయొక్క ప్రతి భాగమునకు వెనుక ఇట్టి దుఃఖ మొకటి యున్నది. 1912లో 'టైటానిక్' మునిగినప్పుడు ఆ యోడలోని పడవలు జనులందఱికి చాలలేదు; ఆ పిమ్మటనే, 1914లో, దేశములు కూడి సముద్రరక్షణ నియమములను వ్రాసికొనినవి.

కావున సోదరీమణులారా, రక్షణపడవను ఇల్లు చేసికొనువారు మెత్తని పరుపులకై దాని కవచమును విప్పరాదు. తేల్చు నురుగును, బిగువైన తలుపులను, కూర్చుండు పట్టీలను, రక్షణచొక్కాలను మొదట పదిలపఱచి, మిగిలిన చోటనే సంసారము సర్దుకొనవలెను. మనమును రేపు ఏ రేవుననైన పడవ యెక్కుటకు ముందు మూడు మాటలు అడుగుదము: ఈ పడవకు పరీక్షాపత్రమున్నదా? ఎందఱకు అనుమతి, ఎందఱ నెక్కించుచున్నారు? పిల్లలతో కూడ అందఱికిని రక్షణచొక్కాలు గలవా? సరంగు విసుగుకొన్నను అడుగవలెను. సరియైన యుత్తరము రానిచో బిడ్డలను చేతపట్టుకొని గట్టుననే నిలిచిపోవుట మంచిది; తరువాతి పడవ వచ్చువఱకు వేచియుండుటవలన పోవునది ఒక గంట మాత్రమే.