నిడుపు పొద్దు, కూరగాయల మడి

వేసవి అనగానే మనకు మండుటెండలు, అడుగంటిన బావులు, తలుపులు మూసికొని గడపు మధ్యాహ్నములు జ్ఞప్తికి వచ్చును. పెరటిలోని ఆకుకూర మడులు ఆ దినములలో నీరు చాలక వాడిపోవును. మన సాగు తొలకరితో ఆరంభమగును. బ్రిటనులో పరిస్థితి ఇందుకు విరుద్ధము. అచట చలికాలమున పొద్దు కుదించుకొనిపోయి, నేల చల్లబడి, మొక్కల ఎదుగుదల దాదాపు నిలిచిపోవును. మే నెల మొదలు సెప్టెంబరు వరకు గల అయిదు నెలలే పైరునకు ముఖ్యమైన కాలము. ఆ నెలలలో అనేక సామాన్య కుటుంబములు సాయంకాలము ఇల్లు విడిచి, తమకు అద్దెకు దొరికిన కూరగాయల మడికి పోవుదురు. ఈ మడులకు ఎలాట్‌మెంటులని పేరు. ఆ మడిలో ఏది ఎప్పుడు విత్తవలెనో, ఏది ఎప్పుడు పూయునో నిర్ణయించునది వేడిమి ఒక్కటే కాదు. పగటి నిడివి కూడ. మొక్క ఈ నిడివిని ఎట్లు కొలుచునో తెలిసికొన్నచో, ఒక దేశమున చక్కగా పండిన విత్తనము మరియొక దేశమున ఏల విఫలమగునో బోధపడును.

ఆరుంబావు సెంట్ల నేల

18, 19 శతాబ్దులలో ఇంగ్లండులోని ఊరుమ్మడి బీళ్లను చట్టముల మూలమున కంచెలు వేసి సొంత ఆస్తులుగా మార్చిరి. పశువులను మేపుకొనుటకు, కట్టెలు ఏరుకొనుటకు ఆ బీళ్లపై ఆధారపడిన కూలివారు దిక్కులేనివారైరి. ఇట్లు కంచెలు వేయునపుడు భూమిలేని పేదల తోటలకై కొంత నేల విడిచిపెట్టు ఏర్పాటు 1845 నాటి చట్టములో చోటుచేసికొన్నది. పిదప 1908 నాటి చట్టము ఈ బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. ఆరుగురు ఓటర్లు గాని, పన్ను చెల్లించువారు గాని మడులు కావలెనని వ్రాసి ఇచ్చినచో ఆ సంస్థ ఆ కోరికను ఆలోచించి తీరవలెను. ఇట్టి మడిలో ముఖ్యముగా కౌలుదారు తనకును తన కుటుంబమునకును కావలసిన కూరలు, పండ్లు పండించుకొనవలెనని 1922 నాటి చట్టము నిర్వచించినది.

వాడుకలో ఒక పూర్తి మడి పది రాడ్లు. రాడ్డు అనగా 5½ గజముల పాత కొలత. 5½ గజముల పొడవు, అంతే వెడల్పు గల చోటు 30¼ చదరపు గజములు. అట్టివి పది చేరిన 302½ చదరపు గజములు. మన లెక్కలో ఇది సరిగా 6¼ సెంట్లు, అనగా ఎకరములో పదునారవ వంతు. మన పట్టణములలో ఒక ఇంటి స్థలమునకు సరిపోవు ఈ చోటే అక్కడ ఒక కుటుంబపు వేసవికి కేంద్రము.

సూర్యుడు నిలుచు గంటలు

హైదరాబాదు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు దగ్గరగా ఉన్నది. లండను 51½ డిగ్రీల వద్ద ఉన్నది. జూన్ 21 ప్రాంతమున హైదరాబాదులో పగలు సుమారు 13 గంటల 10 నిమిషములు. అదే దినమున లండనులో 16 గంటల 38 నిమిషములు. డిసెంబరులో ఈ వరుస తారుమారగును: హైదరాబాదులో 11 గంటల పగలు ఉండగా లండనులో 8 గంటలైనను నిండవు. సంవత్సరము పొడవున మన పగటిలో కలుగు మార్పు రెండు గంటలకు కొంచెము మించును. వారి పగటిలో కలుగు మార్పు దాదాపు తొమ్మిది గంటలు.

జూన్‌లో లండను మధ్యాహ్న సూర్యుడు 62 డిగ్రీల ఎత్తునకే వచ్చును. మన సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుచును. కనుక ఏ ఒక్క గంటను తీసికొన్నను మన ఎండయే తీక్ష్ణము. కాని గంటల సంఖ్యతో గుణించినచో ఫలితము వేరు. మేఘముల సంగతి విడిచి, వాతావరణము పైయంచున చేరు సూర్యశక్తిని మాత్రము లెక్కించినచో, ఆ ఒక్క దినమున లండను అక్షాంశమునకు చేరు మొత్తము హైదరాబాదునకు చేరు మొత్తము కంటె కొంచెము ఎక్కువే. మందమైన ఎండ చాలసేపు కాయుట వలన పత్రహరితము తన పని నెమ్మదిగా, ఎడతెగక సాగించుకొనును. జూలైలో అచట పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సామాన్యముగా 23, 24 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతముననే ఉండుటచే ఆకులు నడిమధ్యాహ్నము కూడ వడలవు.

గడియారమును జరిపిన దేశము

నిడుపు పొద్దున్నను దానిని వాడుకొనుటకు మనుష్యులకు తీరిక కావలెను. వేసవిలో తెల్లవారి నాలుగు గంటలకే వెలుగు వచ్చుచుండగా జనులు నిద్రలోనే ఉండుట వ్యర్థమని విలియం విల్లెట్ అను గృహనిర్మాత 1907లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వేసవిలో గడియారములను ముందునకు జరుపవలెనని ఆయన వాదము. ఆయన 1915లో మరణించెను. మరుసటి సంవత్సరము, యుద్ధకాలమున, మొదట జర్మనీ, కొలది దినములకే బ్రిటను ఈ పద్ధతిని అమలుపరచినవి. నేటికిని అచట మార్చి చివరి ఆదివారమున గడియారము ఒక గంట ముందునకు జరుగును. అక్టోబరు చివరి ఆదివారమున తిరిగి వెనుకకు వచ్చును.

దీని ఫలితముగా జూన్ నెలలో లండనులో సూర్యాస్తమయము రాత్రి 9 గంటల 20 నిమిషములకు జరుగును. రెండవ ప్రపంచ యుద్ధమున, 1941లో, వేసవి గడియారమును ఇంకొక గంట కూడ జరిపిరి. అపుడు పది గంటలు దాటినను వెలుతురుండెను. తిండికొరతను ఎదుర్కొనుటకు నేల త్రవ్వి కూరలు పండింపుడని ప్రభుత్వము ప్రచారము చేసిన కాలమును అదియే. ఆ యుద్ధకాలమున ఎలాట్‌మెంటుల సంఖ్య సుమారు 14 లక్షలకు చేరెను. కర్మాగారములో పనిముగించిన కార్మికునకు మడిలో పనిచేయుటకు మరి మూడు నాలుగు గంటల వెలుతురు మిగిలెను.

గడియారమును మనుష్యుడు జరుపగలడు గాని మొక్క దానిని లెక్కచేయదు. దాని లెక్క వేరు.

మడిలో సాయంకాలము

ఆరు గంటలకు తండ్రి గొప్పు త్రవ్వుచుండగా తల్లి వెదురుకర్రల పందిరికి ప్రాకిన చిక్కుడు కాయలను కోయును. పిల్లలు బఠాణీకాయలు వలిచి బుట్టలో వేయునవి కొన్ని, నోటిలో వేసికొనునవి కొన్ని. జూలై చివర బడులు మూసినది మొదలు ఆరు వారములు వారికి ఇదే ఆటస్థలము. చిన్న కొయ్య గది ప్రక్కన పీపాలో పట్టిన వాననీటిని చెంబులతో మోయుట, చీకటిపడువేళ గుల్లలేని నత్తలను ఏరివేయుట వారి పనులు. ఆగస్టులో కూర్జెట్ అను గుమ్మడిజాతి కాయలు రెండు మూడు దినములు కోయక విడిచినచో చేతికి మించి పెరుగును. ఇంటిల్లిపాదికి తినగా మిగిలిన వాటిని ఇరుగుపొరుగు మడులవారికి పంచుదురు. ఒక కుటుంబము ఊరికి పోయినచో ప్రక్కవారు నీరుపోయుదురు. ఇట్లు మడి ఆహారముతోపాటు వ్యాయామమును, స్నేహమును కూడ ఇచ్చును.

అయినను ఆ కుటుంబమునకు చిక్కులు లేకపోలేదు. మే నెలలో విత్తిన స్పినచ్ అను ఆకుకూర పట్టుమని పది ఆకులైనను వేయక ముందే నిలువుగా కాడ సాచి పూతకు వచ్చును. అదే విత్తనము మార్చిలోనో, ఆగస్టులోనో చల్లినచో ఆకు సమృద్ధిగా వచ్చును. (మన అంగడిలో పాలకూర అని అమ్మునది చాలవరకు బీటుదుంప కుటుంబములోని మరియొక మొక్క, దానిని దీనితో పొరపడరాదు.) నీరు, ఎరువు ఒక్కటే అయినపుడు ఈ తేడా ఎందువలన కలిగినది?

మొక్క లెక్కించునది చీకటి

ఈ ప్రశ్నకు సమాధానము పొగాకు మొక్క నుండి లభించినది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అను శాస్త్రజ్ఞులు మేరీలాండ్ మామత్ అను పొగాకు రకము వేసవి అంతయు ఆకులు వేయుచు, మనిషిని మించి పెరిగినను పూయకపోవుట గమనించిరి. వేసవిలో కొన్ని మొక్కలను ప్రతి దినము కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచి పగటిని కృత్రిమముగా కురుచ చేయగా అవి పూచినవి. 1920లో వారీ ఫలితములను ప్రకటించిరి. కురుచ పగటిలో పూచునవి, నిడుపు పగటిలో పూచునవి, పగటి నిడివితో నిమిత్తము లేనివి అని మొక్కలను మూడు తరగతులుగా విభజింపవచ్చునని తేలినది.

1938లో హామ్నర్, బానర్ అనువారు మరొక వింతను కనుగొనిరి. నిడుపైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపము వెలిగించినచో కురుచ పగటి మొక్క పూయదు. పగటి నడుమ కొద్దిసేపు చీకటి చేసినచో ఎట్టి మార్పు లేదు. కావున మొక్క నిజముగా కొలుచునది ఎడతెగని చీకటిని.

ఈ కొలతకు సాధనము ఆకులలోని ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యము. దీనిని 1959లో వేరుచేసి చూపిరి. ఎర్రని కాంతి తగిలినచో ఇది ఒక రూపము నుండి రెండవ రూపమునకు మారును. చీకటిలో మెల్లగా తిరిగి మొదటి రూపమునకు వచ్చును. ఈ మార్పును, తన కణములలోని దినచర్యా గడియారమును జతపరచి మొక్క రాత్రి నిడివిని గ్రహించును. గ్రహించునది ఆకు, పూయవలసినది కొమ్మ కొన. ఆకు నుండి కొనకు ఏదో వార్తాహారి పోవుచుండవలెనని రష్యను శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ 1930లలోనే ఊహించెను. ఆ వార్తాహారి ఎఫ్.టి. అను చిన్న ప్రోటీను అని 2007లో నిశ్చయమైనది.

ఉల్లి చెప్పు పాఠము

ఉల్లి గడ్డ కట్టుట కూడ పగటి నిడివిపై ఆధారపడును. ఇంగ్లండులో వేయు రకములకు గడ్డ ఊరుటకు 14 నుండి 16 గంటల పగలు కావలెను. మార్చిలో విత్తగా మే చివరివరకు ఆకులు బలిసి, జూన్‌లో పగలు హద్దు దాటగానే గడ్డ ఊరుటకు ఆరంభించును. మనకు యాసంగిలో పండు రకములు 11, 12 గంటల పగటికే గడ్డ కట్టును.

ఇపుడు విత్తనములను తారుమారు చేసి చూడుడు. ఇంగ్లండు రకమును తెలంగాణలో వేసినచో ఎంత ఎరువు వేసినను ఆకులే గాని గడ్డ సరిగా ఊరదు. ఏలనన దానికి కావలసిన పగలు ఇచట ఏనాడును రాదు. మన రకమును ఇంగ్లండులో ఏప్రిలులో నాటినచో అప్పటికే పగలు 13 గంటలు దాటియుండును. నారుమొక్క ఇంకను రెండు మూడు ఆకులతో ఉండగానే గడ్డకట్టుటకు తొందరపడి గోలీలంత కాయలతో ముగించును. రెండు చోట్లను రైతు తప్పు లేదు. విత్తనమునకును అక్షాంశమునకును పొత్తు కుదరలేదు.

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో గోంగూర విత్తువారు కలరు. గోంగూర కురుచ పగటి మొక్క. అది చలికి ఓర్వలేదు గనుక గాజుగదిలో పెంచవలెను. అక్కడి నిడుపు పొద్దులో దానికి పూవు ఆలోచన రాదు. కనుక కోసినకొలది లేత ఆకు వేయుచుండును. పచ్చడికి ఇది మేలే. కాని అక్టోబరులో పగలు కురుచయై పూతకు వచ్చుసరికి చలి మొక్కను కొట్టివేయును. విత్తనము చేతికి రాదు. మరుసటి ఏటికి మరల కొత్త విత్తనము వెదకికొనవలసినదే.

నేల, నీరు

వేసవి మడిలో పైరు వలెనే చెత్తకుప్పయు పనిచేయుచుండును. కోసిన గడ్డి, కూరల తొక్కలు, ఎండుటాకులు కలిపి పేర్చిన కుప్పలో సూక్ష్మజీవులు విజృంభించి వేడిమిని 60 డిగ్రీల వరకు పెంచగలవు. ఆ ఎరువును ఏటేట నేలలో కలుపుట వలన కలుగు మేలు చిన్నది కాదు. షెఫీల్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లెస్టరు నగరపు ఎలాట్‌మెంటులను పరీక్షించి 2014లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, అక్కడి మట్టిలో సేంద్రియ కర్బనము చుట్టుపట్ల పొలముల మట్టిలో కంటె దాదాపు మూడవ వంతు అధికము. అట్టి మట్టి గుల్లగా ఉండి నీటిని నిలుపుకొనును.

ఈ గుణము విలువ ఇటీవల మరింత పెరిగినది. 2022 జూలై 19న కోనింగ్స్‌బీ అను చోట 40.3 డిగ్రీలు నమోదైనవి. బ్రిటనులో 40 డిగ్రీలు దాటుట అదే ప్రథమము. ఆ వేసవిలో ఇంగ్లండులోని కొన్ని ప్రాంతములలో గొట్టములతో తోటలకు నీరు పెట్టుటను నిషేధించిరి. వాననీటి పీపాలు, మొక్క మొదట పరచిన గడ్డి, తెల్లవారుజామున పోసిన నీరు మడులను కాపాడినవి. ఇవి మన పెరటిలో మనకు చిరపరిచితములైన ఉపాయములే.

ఎండకన్న పెద్ద ముప్పు మరియొకటి కలదు. యుద్ధకాలమున 14 లక్షలున్న మడులలో నేడు మిగిలినవి సుమారు 3 లక్షలని అంచనా. తక్కినవి ఇండ్లక్రింద, బాటలక్రింద పోయినవి. అనేక పట్టణములలో మడి కోరువారు ఏండ్ల తరబడి వేచియుందురు. ఏండ్లకొలది ఎరువు తిన్న నేల ఒకమారు కట్టడముల క్రిందికి పోయినచో అట్టి మట్టిని తిరిగి తయారుచేయుటకు మరల అన్ని ఏండ్లు పట్టును. మన నగరములలో ఇంటి పెరడు తరిగిపోవుచున్న ఈ దినములలో ఈ సంగతి మనము కూడ ఆలోచింపదగినది.

బడిపిల్లలు చేయదగిన పరిశీలన

చేమంతి కురుచ పగటి మొక్క. ఆగస్టు నెలలో ఇంకను మొగ్గ తొడుగని, ఒకే రకమునకు చెందిన, ఒకే ఎత్తుగల నాలుగు చేమంతి కుండీలు తీసికొనుడు. రెండింటిని ఆరుబయట, వీధిదీపపు వెలుతురు తగులని చోట ఉంచుడు. మిగిలిన రెండింటిపై తడి తగులకుండ ఒక బల్బు అమర్చి, ప్రతి రాత్రి 10 గంటల నుండి 2 గంటల వరకు వెలుగునట్లు చేయుడు. రెండు జతలకును నీరు, ఎరువు, పగటి ఎండ సమానముగా ఉండవలెను. వారమునకొకమారు ఎత్తు, ఆకుల సంఖ్య, మొదటి మొగ్గ కనబడిన తేదీ పట్టికలో వ్రాయుడు. రకమును బట్టి దినములలో తేడా ఉండును గాని, దీపము క్రింది మొక్కలు మొగ్గ తొడుగుటలో వెనుకబడి ఆకులే వేయుచుండుట సామాన్యముగా చూడవచ్చును. నడిరేయి వెలిగిన దీపము నిడుపు రాత్రిని రెండు కురుచ రాత్రులుగా చీల్చినది. మొక్క ఇంకను వేసవియే అనుకొన్నది.