చోటు లేక ఆగిపోయే భారీ కంప్యూటరు
తాత్కాలిక ఫైళ్లను తొలగించడంలో అలసత్వం తగదు

చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నంల నుంచి అండమాన్‌కు సరుకులతో వచ్చే ఓడలకు హేడో రేవు ప్రధాన ఆధారం. దించిన సరుకును గిడ్డంగుల నుంచి ఎప్పటికప్పుడు తరలించకపోతే తర్వాతి ఓడ వేచి ఉండక తప్పదు. బ్యాంకులు, బీమా సంస్థలు వాడే భారీ మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలోనూ ఇటువంటి చిక్కే తలెత్తుతుంది.

దీవుల ప్రజలకు ఇది సంబంధం లేని విషయం కాదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌ను చెన్నైతో కలిపే సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్‌కు రూ. 1,224 కోట్లు వ్యయమైంది. అంతకుముందు ఉపగ్రహ సంబంధాలే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరు స్వస్థలాలకు డబ్బు పంపాలంటే ఆ లావాదేవీ సముద్రం దాటి వెళ్లవలసిందే. అయితే దారి విశాలమైనంత మాత్రాన చాలదు. అవతలి ఒడ్డున ఉన్న కంప్యూటరులోనూ చోటుండాలి.

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లను నడిపే జెడ్ ఓఎస్ వ్యవస్థలో తాత్కాలిక ఫైళ్లను డిస్కుపై కాక నేరుగా మెమరీలో ఉంచే ఏర్పాటు ఉంది. దీనిని టీఎఫ్‌ఎస్ అంటారు. వేగం దీని సుగుణం. యంత్రాన్ని ఆపి తిరిగి నడిపితే అందులోనిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పరిమాణం ప్రత్యేకంగా నిర్దేశించకపోతే దీనికి దక్కేది ఒక మెగాబైటు మాత్రమే.

మధ్యలో ఆగిపోయిన ప్రోగ్రాములు తమ ఫైళ్లను అక్కడే వదలివేస్తాయి. అవి పేరుకుపోయి చోటు నిండినపుడు, కొత్తగా ఫైలు రాయబోయిన ప్రోగ్రాము విఫలమవుతుంది. చోటు నింపింది ఒకరు, దెబ్బతినేది మరొకరు కావడంతో కారణం వెంటనే తెలియదు.

అటువంటపుడు తొందరపడి అన్నింటినీ తొలగించడం ప్రమాదకరం. నడుస్తున్న పనికి చెందిన ఫైలును తీసివేస్తే ఆ పనే చెడిపోవచ్చు. పైగా ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైలును తొలగించినా, అది మూసేవరకు చోటు ఖాళీ కాదు. కనుక ముందుగా ఏ ఫైలు ఎవరిది, ఎన్నాళ్ల నాటిది అన్నది పరిశీలించాలి. నిర్ణీత రోజులు దాటిన ఫైళ్లను తొలగించేందుకు ‘స్కల్కర్’ అనే ప్రోగ్రాము ఆ వ్యవస్థలోనే ఉంది. దానిని రోజూ రాత్రివేళ దానంతటదే నడిచేలా ఏర్పాటు చేయవచ్చు. పెద్ద ఫైళ్లు సృష్టించే పనులకు వేరే చోటు కేటాయించడం మరో మార్గం.

పరిమాణం పెంచడం సులభంగానే తోచినా, ఆ మేరకు మెమరీ ఖర్చవుతుంది. పాత ఫైళ్లు పేరుకుపోతూనే ఉంటే పెంచిన చోటు కూడా కొన్నాళ్లకు నిండక మానదు. కోట్ల రూపాయల కేబుల్ ద్వారా క్షణాల్లో చేరిన లావాదేవీ, ఎవరూ పట్టించుకోని పాత ఫైళ్ల వల్ల నిలిచిపోకుండా చూడవలసిన బాధ్యత నిర్వాహకులదే.