కళ్ళద్దాలు తీసేసే లేజర్: బల్ల ఎక్కేముందు, దిగాక

బ్రూక్‌ఫీల్డ్, ఏఈసీఎస్ లేఅవుట్, కుందలహళ్ళి వైపు మన తెలుగు ఇళ్ళల్లో పెళ్ళి మాట మొదలైతే చాలు, వెనకే ఇంకో మాట వస్తుంది: "అమ్మాయికి సైటు తీయించేద్దామా?" అబ్బాయిల విషయంలో ఈ ప్రశ్న ఇంత తొందరగా రాదు, అది వేరే సంగతి. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు, హెల్మెట్‌లో కళ్ళద్దాలు ఇరుక్కుని విసిగిపోయినవాళ్ళు కూడా ఇదే ఆలోచిస్తున్నారు. "పది నిమిషాల పని, మర్నాడే ఆఫీసుకు పోవచ్చు" అని ప్రకటనలు చెబుతాయి. పది నిమిషాల మాట చాలావరకు నిజమే. కానీ దానికి ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని నెలలు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుసుకోవలసింది వాటి గురించే.

ముందు అసలు ఏం చేస్తారో చూద్దాం. కంటి ముందుభాగంలో, నల్లగుడ్డు మీద గాజులా ఉండే పొరను కార్నియా అంటారు. నడిమధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు, అంటే చాలామందిలో 540 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. దూరపు వస్తువులు మసకగా కనిపించేవాళ్ళలో వెలుగు రెటీనా మీద కాకుండా దాని ముందే కలుస్తుంది. కార్నియా మధ్యభాగాన్ని లేజరుతో కాస్త చదును చేస్తే ఆ వెలుగు సరైన చోట పడుతుంది. అంటే కళ్ళద్దంలో ఉన్న పవర్‌ను కంటి మీదే చెక్కుతారన్నమాట.

ఈ చెక్కే లేజరు వెనక మనవాడొకరున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రంగస్వామి శ్రీనివాసన్ ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ భోజనంలో మిగిలిన టర్కీ మాంసాన్ని ప్రయోగశాలకు తీసుకువెళ్ళి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరుతో కోసి చూశారు. చుట్టుపక్కల కణజాలం కాలకుండా గీత శుభ్రంగా తెగింది. 1983లో కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి దాన్ని కార్నియా మీద పరీక్షించారు. కార్నియా మీద పలుచని మూత లేపి, దాని కింద లేజరు వాడే లాసిక్ పద్ధతిని 1990లో గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో ఇయోనిస్ పల్లికారిస్ మొదలుపెట్టారు. శ్రీనివాసన్‌కూ ఆయన సహచరులకూ 2013లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ పతకం దక్కింది.

ఇప్పుడు ముఖ్యంగా మూడు రకాలు చేస్తున్నారు. లాసిక్‌లో బ్లేడుతోగానీ ఇంకో లేజరుతోగానీ మూత లేపి, కింద చెక్కి, మళ్ళీ మూసేస్తారు. పీఆర్‌కేలో మూత ఉండదు. పైచర్మాన్ని తీసేసి అక్కడే చెక్కుతారు, చర్మం మళ్ళీ పెరుగుతుంది. స్మైల్‌లో కార్నియా లోపలే పలుచని బిళ్ళను లేజరుతో వేరుచేసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సన్నని కోత గుండా బయటికి లాగుతారు. ఏది మంచిదని అడిగేవాళ్ళే ఎక్కువ. నా మటుకు, మిషను పేరు కన్నా ముందు పరీక్షలు ఎంత శ్రద్ధగా చేశారన్నదే ముఖ్యం.

ఎందుకో ఒక లెక్క చూడండి. 6 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో డయాప్టరు పవర్‌కు 12 నుంచి 15 మైక్రాన్ల దాకా కార్నియా పోతుంది. ఒకరికి మైనస్ 8 ఉంది, కార్నియా మందం 490 ఉంది అనుకుందాం. మూతకు 110, చెక్కడానికి 120 దాకా పోతే మిగిలేది 260. కింద మిగిలే భాగం 250కి తగ్గకూడదన్నది పాత నియమం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు 280, 300 ఉండాలంటారు. ఈ మనిషికి లాసిక్ వద్దనడమే సరైన వైద్యం. ఇంకోచోట ఎవరైనా "ఏం ఫర్లేదు, చేసేద్దాం" అంటే సంతోషించకండి, లెక్క అడగండి. పలచబడ్డ కార్నియా తర్వాతి ఏళ్ళలో ముందుకు ఉబ్బి చూపు పాడవచ్చు. ఇది అరుదే గానీ, వచ్చిందంటే కళ్ళద్దాలతో కూడా సరిపోదు. ఇలాంటివాళ్ళకు కార్నియాను ముట్టుకోకుండా కంటి లోపల అమర్చే ఐసీఎల్ అనే లెన్సు దారి ఉంది. దాని మంచిచెడ్డలు దానికీ ఉన్నాయి.

కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా తనంతట తానే పలచబడి శంకువులా అవుతుంది. పదిహేను, పాతిక ఏళ్ళ మధ్య ఎక్కువగా బయటపడుతుంది. కళ్ళు బాగా నులుముకునేవాళ్ళలో ప్రమాదం ఎక్కువ. బెంగళూరు పుప్పొడికీ దుమ్ముకూ కళ్ళు దురదపెట్టి రోజంతా నులుముకునే పిల్లలు మన ఇళ్ళల్లో తక్కువేం లేరు. తొలిదశలో దీన్ని అద్దాల పరీక్ష పట్టుకోలేదు, కార్నియా ఆకారాన్ని పటంలా గీసే టోపోగ్రఫీ కావాలి. ఈ స్కాను తీయకుండా తేదీ ఇచ్చే చోటికి రెండోసారి వెళ్ళక్కర్లేదు. మేనమామకో, అన్నకో ఈ జబ్బు ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి.

మిగతా షరతులు త్వరగా చెప్పేస్తాను. పద్దెనిమిది నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వద్దు. అదుపులో లేని షుగరు, కీళ్ళవాతం లాంటి జబ్బులు, కళ్ళు బాగా పొడిబారడం, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి. పెళ్ళికి ముందు చర్మం డాక్టరు దగ్గరికీ కంటి డాక్టరు దగ్గరికీ ఒకే నెలలో పరిగెత్తే అమ్మాయిలు ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆ మాత్రలు కళ్ళను పొడిబారుస్తాయి. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని కొంత మారుస్తాయి కాబట్టి, పరీక్షకు ముందే మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు మానేయాలి.

ఆపరేషను రోజున సూది ఉండదు, మత్తు చుక్కలే. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. మూత లేపేటప్పుడు కంటి మీద గట్టిగా ఒత్తినట్టుంటుంది, కొన్ని క్షణాలు చూపు మసకబారుతుంది. భయపడనవసరం లేదు. ఎక్సైమర్ పని చేస్తున్నప్పుడు వెంట్రుక కాలిన వాసన లాంటిది వస్తుంది. మెరుస్తున్న చుక్కను చూస్తూ ఉండమంటారు, మీరు చేయవలసిందల్లా అంతే. సెంటు, స్ప్రే, కాటుక ఏవీ వేసుకోకుండా వెళ్ళాలి. తిరుగుప్రయాణానికి తోడు ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.

ఆ సాయంత్రం కళ్ళు మండుతాయి, నీళ్ళు కారతాయి, ఇసుక పడ్డట్టుంటుంది. లాసిక్, స్మైల్ చేయించుకున్నవాళ్ళకు ఇది చాలావరకు ఆ రాత్రితో తగ్గిపోయి, ఒకటి రెండు రోజుల్లో చూపు తేటపడుతుంది. పీఆర్‌కే అలా కాదు. మూడు నుంచి ఐదు రోజులు నొప్పి ఉంటుంది, కంటి మీద కట్టులా ఒక లెన్సు పెడతారు, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. తర్వాతి నెలల్లో కళ్ళు పొడిబారడం, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనబడడం చాలామందికి ఉంటుంది. మెల్లగా తగ్గుతుంది, కొద్దిమందికి పూర్తిగా పోదు. రోజంతా ఏసీలో స్క్రీను చూసేవాళ్ళకు పొడిదనం ఎక్కువ తెలుస్తుంది.

చుక్కల మందుల విషయంలో మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. సీసా అయిపోతే మెడికల్ షాపుకు వెళ్ళి అదే మళ్ళీ తెచ్చుకోవడం. కృత్రిమ కన్నీళ్ళయితే పెద్ద ఇబ్బంది లేదు. స్టెరాయిడు చుక్కలు అలా వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినవచ్చు. డాక్టరు ఎన్ని రోజులన్నారో అన్నే రోజులు వాడాలి. నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చూపు వచ్చి మళ్ళీ మసకబారినా, కన్ను ఎర్రబడి చీము లాంటిది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

ఇక ఆసుపత్రి కాగితంలో కనపడని జాగ్రత్తలు. వారం రోజులు తలస్నానం వద్దన్నారంటే తలంటు కూడా వద్దనే. కుంకుడుకాయ రసం కంట్లో పడితే మామూలు కన్నే తట్టుకోలేదు. తిరుమల మొక్కు ఉంటే గుండు ఆపరేషనుకు ముందే చేయించుకోండి, లేదా నెల దాటాక. తల మీద నుంచి నీళ్ళు, వెంట్రుక ముక్కలు నేరుగా కళ్ళల్లోకే వస్తాయి. ఆవకాయ కలిపే పని, పోపు పొగ, భోగి మంట, దీపావళి మందుగుండు, వీటికి ఆ నెల దూరంగా ఉండాలి. రాత్రిళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కవచాలు పెట్టుకుని పడుకోవాలి, నిద్రలో కన్ను నులుముకుంటే లాసిక్ మూత జరిగిపోయే ప్రమాదం ఉంది. పక్కలో చిన్నపిల్లలు పడుకుంటే కొన్నాళ్ళు వేరే పడుకోవడం మేలు, వాళ్ళ చెయ్యి ఎటు పడుతుందో తెలియదు. బండి మీద వెళ్ళేటప్పుడు పవర్ లేని అద్దాలు తప్పనిసరి.

పెళ్ళి తేదీ ఉన్నవాళ్ళకు విడిగా చెప్పాలి. మంగళస్నానం, హోమం పొగ, కాటుక, మేకప్, రాత్రంతా మేలుకోవడం, ఆ తర్వాత తలంబ్రాలు. గుప్పెళ్ళతో బియ్యం మొహం మీద పడుతుంటే ఎవరి కన్నయినా దెబ్బ తినొచ్చు, కొత్తగా ఆపరేషనైన కన్ను మరీను. కనీసం మూడు నెలల ఎడం ఉంచండి. అంత వ్యవధి లేకపోతే కళ్ళద్దాలతోనే పెళ్ళి చేయండి, ఫోటోలకు ఏమీ కాదు. అసలు అమ్మాయికి ఇష్టముందా అని అడిగారా? డాక్టరు దగ్గర ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి. సమ్మతి పత్రం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడగడానికి మొహమాటపడకూడదు, సంతకం దాని తర్వాతే.

రెండో అభిప్రాయానికి ఈ ప్రాంతంవాళ్ళు దూరం పోనక్కర్లేదు, కుందలహళ్ళి గేటు దగ్గరే శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఊళ్ళో పాత మింటో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. సొంతూళ్ళకు వెళ్ళివచ్చేవాళ్ళకు హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది.

నలభై దాటినవాళ్ళు అడిగే ప్రశ్న ఇంకొకటి: "లేజరు చేయించుకుంటే ఇక జన్మలో అద్దాలు అక్కర్లేదు కదా?" అక్కర ఉంటుంది. చత్వారం కంటి లోపలి కటకం బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. కార్నియా చెక్కినా అది ఆగదు, పేపరు చదవడానికి అద్దాలు మామూలే. శుక్లమూ వయసుతో వస్తుంది. అప్పుడు అమర్చే లెన్సు పవర్ లెక్కకు లేజరుకు ముందున్న కొలతలు బాగా పనికొస్తాయి. కార్నియా పలచబడ్డాక కంటి ఒత్తిడి కొలత కూడా అసలుకన్నా తక్కువ చూపిస్తుంది, గ్లాకోమా దాగిపోవచ్చు. అందుకని ఆపరేషనుకు ముందు పవర్, కార్నియా మందం, టోపోగ్రఫీ ప్రింటు, చేసిన పద్ధతి పేరు, తేదీ ఉన్న కాగితాలు ఇంటి పత్రాలతోపాటు బీరువాలో పెట్టండి, ఫోనులోనూ ఫోటో తీసి ఉంచండి. ముప్పై ఏళ్ళ తర్వాత చూసే డాక్టరుకు లేజరు సంగతి ముందుగా మీరే చెప్పాలి.

డబ్బు కట్టేముందు బీమా చూసుకోండి. మామూలు ఆరోగ్య పాలసీల్లో 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ పవర్‌కు చేసే చూపు దిద్దుబాటు ఖర్చు మినహాయింపుల్లో ఉంటుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీల షరతులు వేరుగా ఉండవచ్చు, హెచ్‌ఆర్ వాళ్ళ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రి చెప్పే ప్యాకేజీలో ముందు స్కానులు, తర్వాతి పరీక్షలు, పవర్ కొంచెం తిరిగివస్తే రెండోసారి చేసే దిద్దుబాటు ఉన్నాయో లేదో కూడా అదే కాగితం మీద రాయించుకోండి.