జపం మధ్యలో మెటికల చప్పుడు

ఆలయ మండపంలో పారాయణం సాగుతూ ఉంటుంది. శ్రోతలంతా కన్నులు మూసుకుని ఒక్కొక్క నామాన్నీ మనసుకు పట్టించుకుంటున్న వేళ, వెనుక వరుసలో నుంచి 'టప్', 'టప్' అని చప్పుడు. ఎవరో మెటికలు విరుచుకుంటున్నారు. మీరు తల తిప్పి చూస్తారు. పాపం, తాము చేస్తున్న పని వారికి తెలియనే తెలియదు. ఆ చిరాకులో ఒకసారి మీ చేతులకేసి చూసుకోండి. అవి కూడా అదే పనిలో ఉన్నాయేమో!

మన తెలుగిళ్లలో మెటికలకు రెండు ముఖాలు ఉన్నాయి. పండుగనాడు బిడ్డకు తలంటి, కొత్త బట్టలు తొడిగిన తరువాత బామ్మ తన రెండు చేతులనూ ఆ ముఖం చుట్టూ తిప్పి, తన కణతలకు ఆనించుకుని వేళ్లు నొక్కుతుంది. ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి పోయినట్టు. అదే ఇరుగుపొరుగుల మధ్య తగవు ముదిరితే మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టడమూ మనకు తెలిసిందే. ఒకటి దీవెన, మరొకటి శాపం. రెండింటిలోనూ ఒక ఉద్దేశం ఉంది. ఇక్కడ మనం చెప్పుకునేది ఈ రెండూ కాని మూడవదానిని గురించి. ఏ ఉద్దేశమూ లేకుండా, మన అనుమతి అడగకుండా, రోజంతా చేతులు వాటంతట అవే చేసే చప్పుడు అది.

పెద్దలు ఎందుకు వద్దన్నారు?

'మెటికలు విరవకు, అరిష్టం' అని ఇంట్లో పెద్దవారు కసురుకోవడం మనలో చాలామందికి అనుభవమే. ఆ మందలింపు వెనుక ఉన్న దృష్టి ఏమిటో తెలియాలంటే చరక సంహితను చూడాలి. సూత్రస్థానంలోని ఎనిమిదవ అధ్యాయానికి ఇంద్రియోపక్రమణీయమని పేరు. సద్వృత్తాన్ని బోధించే ఆ అధ్యాయంలో గోళ్లతో చప్పుడు చేయరాదని, ఎముకలను తాటించరాదని, నేలను గీరరాదని, గడ్డిపరకలను తుంచరాదని, మట్టిబెడ్డలను నలపరాదని ఉంది. మనుస్మృతి నాలుగవ అధ్యాయం కూడా బెడ్డలు నలిపేవానిని, గడ్డి తుంచేవానిని, గోళ్లు కొరికేవానిని ఒకే వరుసలో నిలిపి హెచ్చరించింది.

ఒక గడ్డిపరకను తుంచితే లోకానికి వచ్చిన నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. చరక సంహిత వీటిని ఇంద్రియాల అధ్యాయంలో ఎందుకు చేర్చిందన్నదే ఆలోచించవలసిన విషయం. మనసు ఊరకే ఉండలేనప్పుడు దాని అలజడి మొదట బయటపడే చోటు వేళ్ల కొనలు. అది గ్రహించిన వారు వేళ్ల దగ్గరే కాపలా పెట్టారు.

ఇక మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న బెదిరింపు మాటకొస్తే, దానికి ఆధారం లేదు. డోనాల్డ్ అంగర్ అనే అమెరికా వైద్యునికి చిన్నతనంలో తల్లి ఇదే మాట చెప్పి భయపెట్టింది. ఆయన యాభై ఏళ్లపాటు రోజూ ఎడమచేతి మెటికలు మాత్రమే విరుస్తూ, కుడిచేతిని విడిచిపెట్టి పరీక్షించుకున్నారు. ఏ చేతికీ వాతం రాలేదని 1998లో ఒక వైద్య పత్రికకు రాశారు. 2009లో ఆయనకు నవ్వు పుట్టిస్తూనే ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి కూడా లభించింది. కీలులో ఉండే జిగురు ద్రవాన్నే మన ఆయుర్వేదం శ్లేషక కఫమన్న భావనతో వివరించింది. వేలిని లాగినప్పుడు కీలు లోపల ఒత్తిడి తగ్గి, ఆ ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగగా ఏర్పడుతుంది. చప్పుడు ఈ బుడగకు సంబంధించినదే. ఒకసారి విరిగిన మెటిక మళ్లీ విరగడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టేది అందుకే. అయితే నొప్పి, వాపు ఉంటే మాత్రం వైద్యునికి చూపించుకోవాలి. మెడ విషయం పూర్తిగా వేరు. క్షౌరశాలలో మెడను పక్కకు తిప్పి టకీమని విరిపించుకునే అలవాటు మీకుంటే నేడే మానండి. మెడను బలంగా తిప్పడం వల్ల రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి.

వేళ్లకు అప్పగించిన పని

జబ్బు రానప్పుడు మానడమెందుకు? ఈ ప్రశ్నకు జవాబు మన పూజావిధానంలోనే దొరుకుతుంది. నిద్ర లేవగానే కరదర్శనం చేసుకుని అరచేతిలో లక్ష్మీ సరస్వతులను భావిస్తాం. జపానికి ముందు కరన్యాసంలో బొటనవేలు మొదలు చిటికెనవేలి వరకు ఒక్కొక్కదానికీ నమస్కరిస్తాం. దేవతలకు వదిలే నీరు వేళ్ల కొనల మీదుగా, పితృదేవతలకు వదిలేది బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి జారాలి. ఇంతటి బాధ్యత అప్పగించిన చేయి ఇది.

కరమాలనే తీసుకోండి. మాల లేకుండా వేళ్ల కణుపులతో జపసంఖ్యను లెక్కించే పద్ధతి ఇది. సంప్రదాయభేదాలున్నా ఎక్కువమంది పాటించే క్రమం ఇలా ఉంటుంది. బొటనవేలి కొనను ఉంగరపువేలి నడిమి కణుపుపై ఉంచి మొదలుపెట్టి, అడుగు కణుపుకు దిగి, చిటికెనవేలి అడుగు నుంచి పైకెక్కి, ఉంగరపు, నడిమి, చూపుడు వేళ్ల పై కణుపుల మీదుగా సాగి, చూపుడువేలి అడుగుకు దిగితే పది. నడిమివేలి మిగిలిన రెండు కణుపులూ మేరువు, వాటిని తాకరాదు. వేళ్ల మధ్య సందు ఉండరాదన్నది మరొక నియమం. సందు ఉంటే జపఫలం జారిపోతుందంటారు.

ఈ రచయితకు ఉపనయనమైన నాటి నుంచే మెటికల అలవాటు ఉండేది. గాయత్రి చేసుకుంటూ నలభైలలోకి వచ్చేసరికి వేళ్లు విడివడేవి, మెటికలు విరిగేవి, లెక్క తప్పేది. పక్కగదిలో నుంచి నాన్నగారు ఆ చప్పుడు విని, "ఎంతవరకు వచ్చావురా?" అని అడిగేవారు. కోప్పడేవారు కాదు. నాకు జవాబు ఉండేది కాదు.

ఆయన తొలి ఆబ్దికం నాడు తర్పణానికి కూర్చున్నాను. నువ్వులూ నీళ్లూ వదిలి, పురోహితులు తరువాతి మంత్రం అందుకునే లోపల, ఆ రెండు క్షణాల ఖాళీలో నా ఎడమచేయి కుడిచేతి ఉంగరపువేలిని పట్టుకుని లాగింది. మెటిక విరిగింది. వేలికున్న దర్భ పవిత్రం జారి పళ్ళెంలోని నీళ్లలో పడింది. పురోహితులు ఏమీ అనకుండా మరొకటి ముడి వేసి ఇచ్చారు. "ఎంతవరకు వచ్చావురా?" అన్న మాట ఆనాడు మళ్లీ వినపడింది.

మానడం ఎలా?

మొదటి వారం మానాలని ప్రయత్నించకండి. తెలుసుకోవడమే చాలు. చప్పుడు చేసిన ప్రతిసారీ ఒక బియ్యపుగింజను చిన్న గిన్నెలో వేయండి. తొలిరోజు రాత్రి లెక్కపెడితే నా గిన్నెలో ముప్పై రెండు గింజలున్నాయి. ఆరేడు ఉంటాయనుకున్నాను! మూడు నాలుగు రోజులు గడిచేసరికి మెటిక విరిగాక కాదు, చేయి చేతిని వెతుక్కుంటూ కదిలేటప్పుడే మీకు స్పృహ కలుగుతుంది. ఫోను పట్టుకుని ఎదురుచూసే వేళ, ఆఫీసులో పెద్దవారి పిలుపు వచ్చిన వేళ, పారాయణంలో బాగా తెలిసిన భాగం నడిచే వేళ, ఎవరి చేయి ఎప్పుడు కదులుతుందో వారికే తెలియాలి.

రెండవ వారం నుంచి, ఆ కదలిక తెలిసిన మరుక్షణం వేళ్లను దగ్గరగా చేర్చి, బొటనవేలిని ఉంగరపువేలి నడిమి కణుపుపై ఉంచండి. మీ ఇష్టదైవం నామాన్ని మెల్లగా పదిసార్లు స్మరిస్తూ ఒక చుట్టు తిరగండి. చేరిన వేళ్లు విరగవు. ఒక చుట్టు చాలకపోతే రెండు. ఆలోపల ఆ తహతహ తనంతట తానే సద్దుమణుగుతుంది. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి దాదాపు ఇదే. అలవాటును ముందుగా గుర్తించడం, అది సాగడానికి వీలులేని మరో పనిని చేతికి ఇవ్వడం. పతంజలి మహర్షి యోగసూత్రాల్లో చెప్పిన ప్రతిపక్ష భావన నాకు ఇక్కడ గుర్తుకువస్తుంది. ఆయన చెప్పింది హింస వంటి పెద్ద దోషాలను గురించి. దానిని మెటికలకు అన్వయించడం నా సాహసం, పెద్దలు మన్నించాలి.

తప్పులు జరుగుతాయి. నాకు మూడు నెలలు పట్టింది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక మెటిక తప్పించుకుపోతుంది. మనసును నిలపడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకుంటే, భగవానుడు కాదనలేదు. అభ్యాసవైరాగ్యాలతో సాధ్యమన్నాడు. మనసు ఎక్కడికి పోతే అక్కడి నుంచే వెనక్కు తెమ్మన్నాడు. వేలినీ అంతే, కణుపు మీదికి తిరిగి తీసుకురావాలి.

ఇంట్లో పిల్లలకు ఈ అలవాటుంటే అందరిముందూ కసరకండి. బెదురు పెరిగితే మెటికలూ పెరుగుతాయి. సాయంత్రం దీపం పెట్టిన తరువాత పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చిన్నవేళ్ల మీద కరమాల నేర్పండి. పదివరకు లెక్క తప్పకుండా చెబితే బెల్లంముక్క పెట్టండి.

పండుగపూట దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచే బామ్మను మాత్రం ఎవరూ ఆపవద్దు. ఎన్ని విరిగాయో ఆవిడకు ఖచ్చితంగా లెక్క ఉంటుంది.