పాత కంప్యూటర్‌కు కొత్త విండోస్: బరువు తగ్గించండి, తెలుగు మాత్రం పోనివ్వకండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్ళ కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. తర్వాత విండోస్ 11కు మారాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. బరంపురం, ఛత్రపురం, ఆస్కాలలో మన ఇళ్ళలో పిల్లల చదువుకో, దుకాణం లెక్కలకో ఎనిమిది పదేళ్ళ కింద కొన్న కంప్యూటర్లలో చాలావాటికి ఈ అర్హత లేదు. అందుకే "విండోస్‌ను సన్నం చేసి ఎక్కించేద్దాం" అనే మాట రిపేరు షాపుల్లో వినిపిస్తోంది. అదేమిటో, అందులో మనకు లాభమెంతో, నష్టమెంతో చూద్దాం.

లోపల జరిగేది ఏమిటి?

విండోస్ ఐఎస్ఓ ఫైల్లో సోర్సెస్ అనే ఫోల్డరు, అందులో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే పెద్ద ఫైలు ఉంటాయి. మొత్తం విండోస్‌ను మడిచి పెట్టిన మూట అదే. విండోస్‌తోపాటే వచ్చే డిస్మ్ అనే పనిముట్టుతో ఆ మూటను ఒక ఫోల్డరులో విప్పవచ్చు. అక్కరలేని వాటిని తీసేసి మళ్ళీ మూట కట్టవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఒక్కో యాప్‌ను తీసేయడానికీ దీనికీ తేడా ఉంది. మూటలోనే లేని యాప్, రేపు ఆ కంప్యూటర్లో కొత్త ఖాతా తెరిచినా తనంతట తాను రాదు.

ఈ పనిని చేత్తో చేస్తే పదుల కొద్దీ ఆజ్ఞలు టైపు చేయాలి. స్క్రిప్ట్ అంటే ఆ ఆజ్ఞలన్నీ వరుసగా రాసి పెట్టిన ఫైలు. వీటిలో బాగా పేరు పొందినది, ఎన్‌టీడెవ్ అనే పేరుతో పనిచేసే డెవలపర్ గిట్‌హబ్‌లో పెట్టిన టైనీ 11 బిల్డర్. ఇది పవర్‌షెల్ స్క్రిప్ట్. మైక్రోసాఫ్ట్ అసలు ఐఎస్ఓను తీసుకుని అందులోంచి వార్తలు, వాతావరణం, సాలిటేర్, ఎక్స్‌బాక్స్, వన్‌డ్రైవ్, ఎడ్జ్ వంటివి తొలగిస్తుంది. టీపీఎం వంటి అర్హతల తనిఖీని దాటవేసేలా రిజిస్ట్రీలో మార్పులు చేసి, చివరికి కొత్త ఐఎస్ఓ తయారుచేసి ఇస్తుంది.

తెలుగుకు ముప్పు ఎక్కడ?

1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక కూడా ఇంట్లో తెలుగు నిలుపుకున్న కుటుంబాలు మనవి. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటారు. పెళ్ళి శుభలేఖ, భజన పాటల పుస్తకం, సంఘం సమావేశం పిలుపు మాత్రం తెలుగులోనే టైపు చేస్తాం. కాబట్టి ఏది తీస్తున్నామో తెలుసుకోకుండా తీస్తే మొదట దెబ్బ తగిలేది మనకే.

విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ ఉన్నాయి. అది ఉన్నంతవరకు తెరమీద తెలుగు చదువుకోవచ్చు. కానీ పాత పత్రాల్లో ఎక్కువగా వాడిన గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి అదనపు ఫాంట్ల కిందికి వెళ్ళాయి. సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చినప్పుడు అవి, వాటితోపాటు టైపింగ్‌లో సాయపడే కొన్ని సదుపాయాలు మైక్రోసాఫ్ట్ నుంచి డౌన్‌లోడ్ అవుతాయి. ఆ దారి తెరిచి ఉండాలంటే విండోస్ అప్‌డేట్ పనిచేయాలి. ఆ భాగాలను చేర్చుకునే ఏర్పాటు విండోస్‌లో మిగిలి ఉండాలి.

అందుకే టైనీ 11లో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. మామూలు రకంలో తర్వాత భాషలు చేర్చుకోవచ్చు, అప్‌డేట్లు వేసుకోవచ్చు. కోర్ అనే రకం ఇంకా చిన్నది. అందులో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే మూల భాండాగారాన్నే తీసేస్తారు. దాంతో కొత్త భాష చేరదు, కొత్త సదుపాయం చేరదు, అప్‌డేటూ రాదు. డిఫెండర్ ఆపి ఉంటుంది. మరమ్మతుకు పనికొచ్చే రికవరీ భాగం కూడా ఉండదు. దాన్ని తయారుచేసిన వ్యక్తే అది పరీక్షల కోసమని, రోజువారీ వాడకానికి కాదని చెప్పారు. షాపులో "చాలా తేలికైన విండోస్" అంటే ఏ రకమో ముందు అడగండి.

చేయించే ముందు చూసుకోవలసినవి

తయారుగా ఉన్న ఐఎస్ఓను ఎవరో ఇస్తే తీసుకోకండి. స్క్రిప్ట్ అక్షరాల్లో ఉంటుంది. తెరిచి చదవవచ్చు, తెలిసినవారికి చూపించవచ్చు. ఎవరో కట్టి ఇచ్చిన మూటలో ఏం కలిపారో చూడటం మామూలు మనిషికి సాధ్యం కాదు. అదే కంప్యూటర్లో మనం బ్యాంకు ఖాతా తెరుస్తాం. ఐఎస్ఓను మైక్రోసాఫ్ట్ సైటు నుంచి, స్క్రిప్ట్‌ను దాన్ని రాసినవారి పేజీ నుంచి మాత్రమే దించుకోవాలి.

స్క్రిప్ట్‌లో తొలగించే యాప్‌ల జాబితా ఉంటుంది. మీకు కావలసిన పేరు కనిపిస్తే నడిపే ముందే ఆ వరుసను తీసేయండి. ఫాంట్, లాంగ్వేజ్ అనే మాటలు ఉన్న వరుసలను ప్రత్యేకంగా చూడండి.

ఎడ్జ్ పోతే మొదటిరోజు బ్రౌజర్ ఉండదు. క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ పూర్తి ఇన్‌స్టాలర్‌ను, గౌతమి ఫాంటు ఫైలును పెన్‌డ్రైవ్‌లో ముందే పెట్టుకోండి. ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేశాకే పని మొదలుపెట్టాలి.

బరువు తగ్గించినంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదనుకోకండి. అది మామూలు విండోస్‌కు కావలసినట్టే కావాలి. అర్హత లేని కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వడం లేదు. కోర్ 2 డుయో నాటి యంత్రాల్లో 24హెచ్2, ఆ తర్వాతి విండోస్ 11 అసలు మొదలే కాదు. ప్రాసెసర్‌లో ఉండవలసిన కొన్ని సూచనలు వాటిలో లేవు. ఏ స్క్రిప్టూ వాటిని తెచ్చిపెట్టలేదు. అంత పాత వాటికి లైనక్సే దారి. సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌లో తెలుగుతోపాటు మన దేశ భాషలు చాలా ఉన్నాయి. స్వేచ్ఛ సంస్థ తెలుగువారి కోసమే ఒక లైనక్స్ రూపొందించింది.

పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు, షాపులోనే ఒక పాత తెలుగు పత్రం తెరవండి. రెండు వాక్యాలు తెలుగులో టైపు చేసి, ప్రింటు తీసి చూడండి. తర్వాత విండోస్ అప్‌డేట్ నొక్కి అది పనిచేస్తోందో లేదో చూడండి. ఈ నాలుగూ సరిగా ఉంటే కంప్యూటర్ ఇంటికి తెచ్చుకోవచ్చు.